కెనడాలో కొన్న పాత స్నోమొబైల్‌ను అమెరికాకు తెచ్చుకోవడం ఎలా?

కెనడా డాలరు చవక. ఒంటారియోలో 7,000 అని పెట్టిన స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ప్రకటన మినియాపొలిస్‌లోనో డెట్రాయిట్‌లోనో కూర్చుని చూసేవాళ్లకు ఐదు వేల దగ్గర తేలుతుంది. బండ్లకూ అక్కడ కొదవ లేదు. అందుకే చాలామంది ముందు బేరం కుదుర్చుకుని, బోర్డర్ సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. చిక్కంతా అక్కడే. ఇంజన్ ఎంత బాగా తిరుగుతుందో అమెరికా కస్టమ్స్ అధికారికి అక్కర్లేదు. బండి మీద ఏ లేబుల్ ఉంది, విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) ఎంత, ఎక్కడ తయారైంది, ఎంతకు కొన్నారు అన్నవే ఆయన చూస్తాడు. వీటికి జవాబులు డబ్బు చేతులు మారకముందే మీ దగ్గర ఉండాలి.

ఇక్కడ చెప్పేదంతా సొంత వాడకానికి ఒక్క బండి తెచ్చుకునేవాళ్లకు. అమ్మకానికి తెచ్చేవాళ్ల దారి వేరు.

అన్నిటికన్నా ముందు మీ ప్రయాణం

ఇండియన్ పాస్‌పోర్టు ఉండి హెచ్‌-1బీ మీదో ఎఫ్‌-1 మీదో ఉన్నవాళ్లు కెనడాలో అడుగుపెట్టాలంటే కెనడా విజిటర్ వీసా ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే ఆ వీసా అవసరం లేదు, పాస్‌పోర్టూ కార్డూ రెండూ పట్టుకెళ్తే చాలు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉండి, కెనడాలో 30 రోజులకు మించి ఉండకపోతే ‘ఆటోమేటిక్ రీవాలిడేషన్’ కింద వెనక్కి రావచ్చు. కానీ అదే ట్రిప్పులో అక్కడి కాన్సులేట్‌లో కొత్త వీసాకు అప్లై చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. స్లెడ్ (స్నోమొబైల్‌కే ఇంకో పేరు) కొనడమూ స్టాంపింగూ ఒకే ట్రిప్పులో పెట్టుకోకండి.

మోడల్ సంవత్సరం చూడండి

అమెరికాలో స్నోమొబైల్ పొగ మీద ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) నిబంధనలు 2006 మోడల్ నుంచి మొదలయ్యాయి. కెనడా దాదాపు అవే నిబంధనలను 2012 మోడల్ నుంచి తెచ్చింది. ఈ రెండు సంవత్సరాలూ గుర్తుంటే ఏ బండి సులువో, ఏది చిక్కో తెలిసిపోతుంది.

2005, అంతకు ముందు మోడళ్లయితే ఈపీఏ నిబంధనలు రాకముందువి. లేబుల్ లేకపోయినా పర్వాలేదు, మోడల్ సంవత్సరం రుజువైతే చాలు. 2012, ఆ తర్వాతి మోడళ్లలో పెద్ద కంపెనీల బండ్లకు ఈపీఏ లేబుల్ ఉండటం మామూలే. జాగ్రత్త పడవలసింది 2006 నుంచి 2011 దాకా వచ్చిన వాటితో. ఆ కాలంలో కెనడా మార్కెట్‌కు వెళ్లిన బండికి ఈపీఏ లేబుల్ ఉండి తీరాలన్న నియమం అక్కడ లేదు. ఇంజన్ అచ్చం అమెరికాలో అమ్మినదే అయినా లేబుల్ లేకపోతే బోర్డర్‌లో ఆపుతారు.

అందుకే అమ్మేవాళ్లను మొదట అడగాల్సింది కిలోమీటర్లు కాదు, లేబుల్ ఫొటో. ఇది ఇంజన్ పక్కనో, బెల్టు గార్డు మీదో, హుడ్ లోపలో ఉంటుంది, కంపెనీని బట్టి చోటు మారుతుంది. ఫలానా మోడల్ సంవత్సరానికి అమెరికా ఈపీఏ స్నోమొబైల్ నిబంధనలకు సరిపోతుందని దాని మీద స్పష్టంగా ఉండాలి. టన్నెల్ (సీటు కింద, తిరిగే రబ్బరు ట్రాకును కప్పే లోహపు భాగం) పక్కన ఎస్‌ఎస్‌సీసీ అని ఇంకో స్టిక్కరు కనిపిస్తుంది. చాలామంది దాన్నే చూపించి ‘సర్టిఫైడ్ బండి’ అంటారు. అది బ్రేకులు, లైట్లు, శబ్దం లాంటి భద్రతా ప్రమాణాలది. ఈపీఏ లేబుల్‌కు అది బదులు కాదు.

గుద్దుకున్న బండికి హుడ్డో గార్డో మార్చినప్పుడు దాంతోపాటే లేబుల్ పోయిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు విన్ నంబరు ఇచ్చి, ఈ బండి అమెరికా మోడల్‌తో సమానమేనా అని తయారీ కంపెనీ అమెరికా విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి. అచ్చం ఒకే నిర్మాణం ఉన్న బండ్లకు ఈపీఏలో ఒక మినహాయింపు ఉంది, దానికి ఆ ఉత్తరమే ఆధారం. ఇదంతా కొనేముందు జరగాలి. అమ్మేవాళ్లు ‘అబ్బే, ఎవరూ చూడరు’ అంటే ఆ బండి వదిలేయడం మేలు.

ఒరిజినల్ సైలెన్సర్ తీసేసి రేసింగ్ పైపు బిగించిన బండ్లతోనూ ఇదే గొడవ. లేబుల్ ఉన్నా, లేబుల్ చెప్పే నిర్మాణంలో బండి ఉండదు. ఒరిజినల్ భాగాలు ఇస్తామంటే తీసుకుని, బోర్డర్ దాటకముందే మళ్లీ బిగించుకోండి.

విన్ నంబరు, తయారైన చోటు

విన్ సాధారణంగా టన్నెల్ కుడివైపు, ఫుట్‌రెస్ట్ దగ్గర ఉంటుంది. ఇంజన్ నంబరు వేరు. రిజిస్ట్రేషన్‌లో ఉన్నది విన్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. టన్నెల్ మార్చిన బండి అయితే ఇక్కడే బయటపడుతుంది.

తయారైన దేశాన్ని బట్టి సుంకం మారుతుంది. స్కీ-డూ బండ్లు క్యూబెక్‌లోని వాల్కూర్‌లో, పొలారిస్ మినెసోటాలోని రోసోలో, ఆర్కిటిక్ క్యాట్ మినెసోటాలోనే థీఫ్ రివర్ ఫాల్స్‌లో తయారయ్యాయి. యమహా పాత మోడళ్లు జపాన్‌వి. తర్వాత వచ్చిన వాటిలో చాలావరకు ఆర్కిటిక్ క్యాట్ ఫ్యాక్టరీలో చేసినవే. లింక్స్ అయితే ఫిన్లాండ్‌లోని రొవనియెమిది. యమహా స్నోమొబైల్ వ్యాపారం నుంచే తప్పుకుంది, 2025 మోడల్‌తో ఉత్తర అమెరికాలో ఆఖరు. ధర దిగిందని కొనేముందు పార్టుల సంగతి ఆలోచించండి.

విన్‌లో మొదటి అక్షరం చూసి దేశం చెప్పేయొచ్చని కొందరు అంటారు. 2బీపీతో మొదలయ్యే స్కీ-డూకు, 4యూఎఫ్‌తో మొదలయ్యే ఆర్కిటిక్ క్యాట్‌కు ఆ లెక్క కుదురుతుంది. పొలారిస్ స్లెడ్‌లకు ఎస్‌ఎన్‌1 అని ఉంటుంది. ఆ పద్ధతిలో చదివితే అది యూరప్ బండి అయిపోతుంది! తయారీ ప్లేటు మీద దేశం పేరు ఎక్కడ రాసి ఉందో చూసి, ఆ ప్లేటు ఫొటో దగ్గర పెట్టుకోండి.

అప్పు ఉందా? దొంగిలించిందా?

కెనడాలో బండి మీద అప్పు ఉంటే అది అమ్మినవాళ్లతో పోదు, బండితోపాటే మీ దగ్గరికి వస్తుంది. ఒంటారియోలో పీపీఎస్‌ఏ రిజిస్టర్‌లో, క్యూబెక్‌లో ఆర్‌డీపీఆర్‌ఎం అనే రిజిస్టర్‌లో విన్ పెట్టి వెతకొచ్చు. ఖర్చు కొద్ది డాలర్లే. దొంగ సొత్తు సంగతికి కెనడా పోలీసుల సీపీఐసీ వెబ్‌సైట్‌లో విన్‌తో ఉచితంగా చూడొచ్చు. ఈ రెండూ బయల్దేరే ముందు రాత్రి ఒకసారి, డబ్బు ఇచ్చే ముందు ఫోన్లో ఇంకోసారి చూసుకోండి.

బండి దగ్గర

అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, వచ్చేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని. వెళ్లగానే ఎగ్జాస్ట్ పైపు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే స్టార్ట్ కావడంలో ఏదో ఇబ్బంది ఉంది, దాన్ని దాస్తున్నారు.

చలిలో స్టార్ట్ చేశాక కాసేపు వేడెక్కనిచ్చి, ఆపి, కంప్రెషన్ గేజ్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది) పెట్టండి. ప్లగ్గులు రెండూ తీసేయాలి, వాటి వైర్లు లోహానికి ఆనించాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టాలి, ముల్లు ఇక పైకి పోకుండా ఆగేదాకా తాడు లాగాలి. యాక్సిలరేటర్ నొక్కకుండా కొలిస్తే అంకె తక్కువ వస్తుంది, మంచి ఇంజన్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. రెండు సిలిండర్ల 2-స్ట్రోక్ ఇంజన్‌లో అంకె ఎంతన్నదానికన్నా రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం దాటితే ఆ ఇంజన్ విప్పాల్సిందే అనుకుని బేరం ఆడండి, లేదా వెనక్కి తిరగండి.

తర్వాత వెనక భాగం ఎత్తి ట్రాకును చేత్తో తిప్పండి. గరగర వస్తే బేరింగులు. ట్రాక్ లోపలి లోహపు క్లిప్పులు ఊడాయా, రబ్బరు చిరిగి లోపలి కడ్డీలు బయటపడ్డాయా చూడండి. ట్రాకుకు మేకులు ఉంటే టార్చ్ వేసి టన్నెల్ పైభాగం చూడాలి. అక్కడుండే కూలర్లను ఆ మేకులు కోసేస్తాయి, కూలెంట్ కారిపోతుంది, రిపేరు ఖరీదైనది. పట్టాల కింద అరిగే ప్లాస్టిక్ పట్టీలను హైఫ్యాక్స్ అంటారు. అరుగుదల గీత దాటితే మార్చాలి. వాటి ఖర్చు తక్కువే, బేరానికి మాత్రం పనికొస్తుంది.

స్కీ-డూలో తాళం చెవికి చిప్ ఉంటుంది, డెస్ కీ అంటారు. రెండు చెవులూ అడిగి తీసుకోండి. ఒక్కటే ఉండి అది పోతే, కొత్తది పెట్టించుకోవడానికి బండిని కంపెనీ డీలర్ దగ్గరికి మోసుకెళ్లి కంప్యూటర్‌కు తగిలించాలి.

మీటరులో ఉన్నవి కిలోమీటర్లా మైళ్లా? చాలా బండ్లలో ఒక బటన్‌తో మారిపోతాయి. 6,000 కిలోమీటర్లంటే దాదాపు 3,730 మైళ్లు. బిల్లులో అంకె పక్కన ఏదో ఒకటి తప్పక రాయించండి.

డబ్బు, బిల్లు

అమెరికా బ్యాంకు ఖాతా నుంచి కెనడాలో అందరూ వాడే ఇంటరాక్ ట్రాన్స్‌ఫర్ పోదు. కెనడా డాలర్లలో డ్రాఫ్టో నగదో కావాలి. నగదైతే 10,000 కెనడా డాలర్లు, అంతకు మించి తీసుకెళ్లేవాళ్లు ఆ దేశంలోకి వెళ్లేటప్పుడు చెప్పాలి. 10,000 అమెరికా డాలర్లు దాటితే అమెరికా వైపు కూడా ఫిన్‌సెన్ 105 ఫారం ఇవ్వాలి. డబ్బు తీసుకెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

బిల్ ఆఫ్ సేల్‌లో ఇవి ఉండాలి: ఇద్దరి పేర్లు, చిరునామాలు, సంతకాలు, తేదీ, కంపెనీ, మోడల్, సంవత్సరం, పూర్తి విన్, కిలోమీటర్లు, ధర, పక్కనే ‘కెనడా డాలర్లు’ అన్న మాట. ఆ మాట లేకపోతే 7,000ను అమెరికా డాలర్లుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. అమ్మినవాళ్ల రిజిస్ట్రేషన్ కాగితం వెనక బదిలీ సంతకంతో ఒరిజినల్‌గానే తీసుకోండి. క్యూబెక్‌లో కొంటే కాగితాలు ఫ్రెంచ్‌లో ఉంటాయి, ఇంగ్లిష్‌లో ఇంకో బిల్లు రాయించుకుంటే పని తేలికవుతుంది. ధర తక్కువ రాసిస్తామని అమ్మేవాళ్లే ముందుకొస్తారు ఒక్కోసారి. ఒప్పుకోకండి. అదే మోడల్‌కు ప్రకటనల్లో ఎంత పలుకుతోందో అధికారి నిమిషంలో చూసుకుంటాడు. దొరికితే జరిమానాతో పోదు, బండినే స్వాధీనం చేసుకోవచ్చు.

డీలర్ దగ్గర కొంటే ఒంటారియోలో 13 శాతం హెచ్‌ఎస్‌టీ వేస్తారు. బండిని మీరే అక్కడి నుంచి తోలుకొస్తే ఆ పన్ను వెనక్కి రాదు, విజిటర్లకు రీఫండ్ ఇచ్చే పథకం 2007లోనే ఎత్తేశారు. డీలరే ట్రాన్స్‌పోర్టుకు అప్పగించి అమెరికా చిరునామాకు పంపితే మాత్రం పన్ను లేకుండా బిల్లు వేయవచ్చు. రవాణా ఖర్చు 13 శాతం కన్నా తక్కువో కాదో లెక్క చూసుకోండి.

ట్రైలర్ అక్కడ కొనకండి

ఇది చాలామందికి తట్టని సంగతి. స్నోమొబైల్ రోడ్డు మీద నడవడానికి చేసిన బండి కాదు కాబట్టి అమెరికా రవాణా శాఖ భద్రతా ప్రమాణాలు దానికి వర్తించవు. హెచ్‌ఎస్‌-7 ఫారం ఇమ్మంటే 8వ గడి టిక్ చేస్తే సరిపోతుంది. కానీ ట్రైలర్ రోడ్డు బండి కిందికే వస్తుంది. ‘స్లెడ్‌తోపాటు ట్రైలరూ ఇచ్చేస్తా’ అని అమ్మేవాళ్లు అంటే నోరూరుతుంది కానీ, ఆ ట్రైలర్‌కు అమెరికా ప్రమాణాల లేబుల్ ఉండాలి. కెనడా మేపుల్ ఆకు గుర్తు ఒక్కటే ఉంటే సరిపోదు. 25 ఏళ్లు దాటిన ట్రైలర్‌కైతే మినహాయింపు ఉంది. మిగతావాళ్లు అమెరికా ట్రైలర్ అద్దెకు తీసుకెళ్లడమే హాయి.

ఎక్కించే ముందు ట్రాక్, సస్పెన్షన్, అడుగుభాగం ప్రెషర్ వాషర్‌తో కడిగించండి. మట్టి అంటుకున్న వాహనాలను అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనలు రానివ్వవు. వేసవిలో పొలంలో పడేసిన స్లెడ్ కిందిభాగంలో గడ్డి, మన్ను, ఎలుకల గూడు దాకా ఏదైనా ఉండొచ్చు.

బోర్డర్ దగ్గర

దాటబోయే పోర్టుకు (బోర్డర్‌లోని కస్టమ్స్ చౌకీకి) రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేయండి. ఫోర్ట్ ఫ్రాన్సిస్ నుంచి ఇంటర్నేషనల్ ఫాల్స్, పిజన్ రివర్ నుంచి గ్రాండ్ పోర్టేజ్, లేదా సూ సెయింట్ మరీ వంతెన – ఎక్కడైనా అడగాల్సినవి మూడు. సొంత వాడకానికి పాత స్నోమొబైల్ తెస్తున్నా, ధర ఇంత, ఫార్మల్ ఎంట్రీ (పూర్తి స్థాయి దిగుమతి కాగితాలు) కావాలంటారా? కాగితాల పని ఏ వేళల్లో చేస్తారు? డబ్బు ఎలా కట్టాలి? సరుకు విలువ 2,500 అమెరికా డాలర్లు దాటితే ఫార్మల్ ఎంట్రీ అడగవచ్చు. దానికి బాండ్ (సుంకం కడతామన్న హామీ) కావాలి, మామూలుగా కస్టమ్స్ బ్రోకర్‌తో చేయించుకుంటారు. బ్రోకర్ ఫీజు సుంకం కన్నా ఎక్కువవడం కొత్తేం కాదు. ముందే తెలిస్తే బేరంలో కలుపుకోవచ్చు. ఆదివారం రాత్రి చలిలో పోర్టు దగ్గర తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

చేతిలో ఉండాల్సినవి: పాస్‌పోర్టు, వీసా లేదా గ్రీన్ కార్డు, బిల్ ఆఫ్ సేల్, కెనడా రిజిస్ట్రేషన్, డబ్బు కట్టిన రుజువు, నింపిన ఈపీఏ 3520-21 ఫారం, లేబుల్, తయారీ ప్లేటు ఫొటోలు. ఈ ఫారం రోడ్డు మీద నడవని ఇంజన్లది. కార్లకు వాడే 3520-1 నింపుకొచ్చి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. కెనడా వైపు మాత్రం అమెరికాలోనే వాడే ఇలాంటి సరుకుకు ఎగుమతి డిక్లరేషన్ అడగరు.

బూత్‌లో మొదటి వాక్యంలోనే చెప్పేయండి, వెనకున్నది కెనడాలో కొన్న బండి, ఇంపోర్ట్ చేస్తున్నానని. లేబుల్ అధికారికి సులువుగా కనిపించేలా బండి మీద కవర్ విప్పి ఉంచండి.

సుంకం ఎంత?

అమెరికా సుంకాల పట్టికలో 8703.10 శీర్షిక కింద స్నోమొబైల్‌కు మామూలు సుంకం 2.5 శాతం. కెనడాలో తయారై యూఎస్‌ఎంసీఏ (అమెరికా, మెక్సికో, కెనడాల వాణిజ్య) ఒప్పందానికి అర్హమైతే సున్నా. అమెరికాలోనే తయారై కెనడాకు వెళ్లిన పొలారిస్‌ను ‘తిరిగొచ్చిన అమెరికా సరుకు’ కింద 9801.00.10 శీర్షికతో సుంకం లేకుండా తేవచ్చు. ఈ సంగతి మీరే ఎత్తాలి, అధికారి గుర్తుచేస్తాడని అనుకోకండి.

ఇక వ్యక్తిగత మినహాయింపు. అమెరికాలో నివాసం ఉండి, కనీసం 48 గంటలు బయట ఉండి వస్తే మనిషికి 800 డాలర్లు, 30 రోజులకు ఒకసారి. ఒకే ఇంట్లో ఉండే కుటుంబం కలిసి వస్తే మినహాయింపులు కలుపుకోవచ్చు. బండి ఆ ట్రిప్పులోనే కొని, మీతోపాటే రావాలి. తర్వాత ట్రక్కులో వస్తే వర్తించదు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే మినహాయింపు 200కు పడిపోతుంది, అది బండికి ఎందుకూ కొరగాదు.

సున్నా సుంకానికి రాని ఒక జపాన్ యమహా అనుకుందాం. 7,000 కెనడా డాలర్లు, 0.72 రేటున 5,040 అమెరికా డాలర్లు. భార్యాభర్తలిద్దరూ రెండు రాత్రులు ఉండి వచ్చారు. 1,600 మినహాయింపు. ఆపై మనిషికి 1,000 చొప్పున 2,000 మీద 3 శాతం, అంటే 60 డాలర్లు. మిగిలిన 1,440 మీద 2.5 శాతం, 36 డాలర్లు. మొత్తం 96. మినహాయింపు లేకుండా మొత్తం మీద 2.5 శాతం కట్టినా 126. అంటే మిగిలేది 30 డాలర్లు. దీనికోసమే హోటల్‌లో ఇంకో రాత్రి ఉండాల్సిన పని లేదు.

ఫార్మల్ ఎంట్రీ అయితే ప్రాసెసింగ్ ఫీజు విలువలో 0.3464 శాతం, కనీసం 30 డాలర్ల పైచిలుకు. యూఎస్‌ఎంసీఏ సరుకుకు అది ఉండదు. అసలు జాగ్రత్త పడాల్సింది అదనపు సుంకాలతో. 2025 నుంచి అమెరికా, కెనడాల మధ్య ఇవి వస్తూ పోతూ, మారుతూ ఉన్నాయి. ఒప్పందానికి అర్హత ఉన్న బండికీ లేని బండికీ తేడా అప్పటి నుంచి పెద్దదైంది. పోర్టుకు ఫోన్ చేసినప్పుడు బండి తయారైన దేశం చెప్పి, ఆ వారం రేటు అడగండి. పాత వీడియోల్లో చెప్పిన రేట్లు నమ్మకండి.

ఇంటికొచ్చాక

ముద్ర వేసిన కస్టమ్స్ కాగితం లేకుండా ఆఫీసు నుంచి బయటికి రావద్దు. రిజిస్ట్రేషన్‌కు అదీ, బిల్లూ, కెనడా రిజిస్ట్రేషనూ కలిపి అడగవచ్చు. మినెసోటా, మిషిగన్ రెండింటిలోనూ రిజిస్ట్రేషన్ మూడేళ్లకు ఇస్తారు. మిషిగన్‌లో 6 శాతం యూజ్ ట్యాక్స్ (బయట కొన్నదాని మీద రాష్ట్రం వేసే పన్ను) కూడా ఉంది. అక్కడ ట్రయిల్ పర్మిట్ కూడా వేరుగా కొనాలి, రిజిస్ట్రేషన్‌లో కలిసి రాదు.

కంపెనీ వారంటీ మిగిలి ఉందని ఎక్కువ ధర పెట్టారంటే, అది అమెరికాలో చెల్లుతుందో లేదో డీలర్ చేత మెయిల్‌లో చెప్పించుకోండి. చాలాసార్లు చెల్లదు. విన్ ఇచ్చి రీకాల్ పనులు మిగిలాయేమో కూడా అప్పుడే అడగండి.

మినెసోటాలో 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవాళ్లు స్నోమొబైల్ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. మన ఐటీ వాళ్లలో దాదాపు అందరూ దీని కిందికే వస్తారు. కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది. బండి కోసం వెతుకుతున్న వారాల్లోనే పూర్తి చేసేస్తే, ట్రైలర్ దించిన రోజే ట్రయిల్ ఎక్కవచ్చు.